పరగడుపున వేసుకునే ఆ మాత్ర మీకు అవసరమేనా?

వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఇప్పుడు మాత్రల డబ్బా ఒకటి చేరింది. అందులో బి.పి. మాత్ర ఉన్నా లేకపోయినా, షుగరు మాత్ర ఉన్నా లేకపోయినా, ‘గ్యాస్ మాత్ర’ మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. పొద్దున్నే పళ్ళు తోముకుని, కాఫీకంటే ముందు అది మింగెయ్యడం చాలామంది ఇల్లాళ్ళకు వాకిట్లో ముగ్గు వేసినంత అలవాటైపోయింది. ఎందుకు వేసుకుంటున్నారని అడిగితే, ‘ఏమోనండీ, ఎప్పుడో డాక్టరుగారు రాశారు, అప్పట్నుంచీ వేసుకుంటూనే ఉన్నా’ అంటారు.

ఇంతలో ఎవరో ఒకరు భయపెడతారు. ‘ఆ మాత్రతో కిడ్నీలు పోతాయిట, ఎముకలు గుల్లబారతాయిట, మతిమరుపు వస్తుందిట!’ ఆ మాట వినగానే కొందరు మర్నాటినుంచీ మాత్ర మానేస్తారు. మరికొందరు, ‘మందన్నాక ఏదో ఒకటి ఉంటుంది లెండి’ అని ఏళ్ళ తరబడి మింగుతూనే ఉంటారు. నిజానికి ఈ రెండు దారులూ మంచివి కావు. ఏ మందునైనా తూచేటప్పుడు త్రాసుకు రెండు పళ్ళేలు ఉంటాయని మర్చిపోకూడదు. ఒకదాంట్లో నష్టం, రెండోదాంట్లో అవసరం. మనం నష్టం ఉన్న పళ్ళెంవైపే చూస్తున్నాం. రెండోదాంట్లో ఏముందో చూడకపోతే తూకం ఎలా తెలుస్తుంది?

అసలు ఆ మాత్ర ఏం చేస్తుంది?

తిన్నది అరగడానికీ, తిండితోపాటు లోపలికి పోయే క్రిముల్ని చంపడానికీ పొట్టలో ఆమ్లం ఊరుతుంది. దాన్ని తట్టుకునే పూత పొట్టకు ఉంది. పైనున్న అన్నవాహికకు అలాంటి రక్షణ లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న కండరం మూతలా పనిచేస్తుంది. ఆ మూత వదులైనా, వేళకాని వేళ తెరుచుకున్నా ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, పడుకుంటే గొంతులోకి పులుపు రావడం, ఇవన్నీ దాని వల్లనే.

ఈ మంటకు వాడే మందులు ముఖ్యంగా మూడు రకాలు. సీసాల్లో వచ్చే చిక్కటి సిరప్పులు అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తాయి. వెంటనే హాయిగా ఉంటుంది గానీ కాసేపే. రెండో రకం రానిటిడిన్, ఫామోటిడిన్ వంటివి. ఆమ్లం ఊరమని వచ్చే కబుర్లలో ఒకదాన్ని ఇవి అడ్డుకుంటాయి. మూడో రకం పేరు చివర ‘ప్రజోల్’ అని వచ్చేవి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబిప్రజోల్, ఎసోమెప్రజోల్. ఇవి ఆమ్లాన్ని తోడిపోసే పంపులనే కట్టేస్తాయి. వీటిలో మొదటిదైన ఒమెప్రజోల్ 1988లో ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. పొట్టలో పుండుతో రక్తం కక్కుకునేవాళ్ళ ప్రాణాలు నిలబెట్టిన మందు ఇది. మంచి మందే, అందులో సందేహం లేదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకుందాం. 2019లో రానిటిడిన్ మాత్రల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించే ఒక మలినం బయటపడింది. 2020లో అమెరికా ఔషధ సంస్థ ఆ మాత్రల్ని దుకాణాల నుంచి తీసెయ్యమంది. 2022లో మన దేశం కూడా రానిటిడిన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలోంచి తప్పించింది. ‘గ్యాస్ మాత్రతో క్యాన్సర్’ అని చెప్పుకునే మాటకు చాలావరకు మూలం ఇదే. ఆ చిక్కు రానిటిడిన్‌ది. ‘ప్రజోల్’ మందులది కాదు.

నష్టం పళ్ళెంలో ఏముంది?

తలనొప్పి, వికారం, విరేచనాలు, మలబద్ధకం లాంటివి కొందరికి వస్తాయి. మందు ఆపితే పోతాయి. మనం తూచాల్సింది అరుదుగా వచ్చేవాటిని. అన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, గట్టి ఆధారం ఉన్నవి వేరు, అనుమానం మాత్రమే ఉన్నవి వేరు చేసుకుందాం.

గట్టి ఆధారం ఉన్నవాటిలో మొదటిది పేగుల్లో ఇన్ఫెక్షన్. క్రిముల్ని చంపే ఆమ్లం తగ్గిపోయింది కాబట్టి నీళ్ళ విరేచనాలు పట్టుకునే అవకాశం కొంచెం పెరుగుతుంది. రెండోది బి12 విటమిన్ తగ్గడం. ఆహారంలోని బి12ను విడదీసుకోవడానికి ఆమ్లం కావాలి. రెండేళ్ళు, ఆపైన రోజూ మాత్ర వేసుకునేవారిలో ఈ లోటు ఎక్కువగా కనిపిస్తోంది. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ళలో బి12 ముందే అంతంతమాత్రం. దానికి తోడు షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ ఉంటే అది కూడా బి12ను తగ్గిస్తుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, నాలుక మండటం, ఊరికే నీరసం ఉంటే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

మూడోది మెగ్నీషియం పడిపోవడం. ఇది అరుదు. ఎక్కువగా ఏడాది దాటి వాడినవారిలో వస్తుంది. కండరాలు పట్టెయ్యడం, గుండె దడ దీని గుర్తులు. నాలుగోది కిడ్నీలో ఉన్నట్టుండి వచ్చే వాపు. ఇది చాలా అరుదు, కానీ నిజమైనదే. ఈ హెచ్చరికను మందుతో వచ్చే కాగితంలో చేర్చమని 2019లో మన దేశ ఔషధ నియంత్రణాధికారులు చెప్పారు. మాత్ర మొదలుపెట్టాక మూత్రం తగ్గినా, జ్వరంతోపాటు ఒంటిమీద దద్దుర్లు లేచినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక ఎముకలు, మతిమరుపు, మెల్లమెల్లగా కిడ్నీ చెడిపోవడం. మనల్ని ఎక్కువగా భయపెట్టేవి ఇవే. వీటికి ఆధారం అంత గట్టిది కాదు. ఉదాహరణకు 2016లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన తీసుకోండి. ఈ మాత్రలు వాడేవారిలో వందకు 11.8 మందికి పదేళ్ళలో కిడ్నీ జబ్బు వస్తుందనీ, అదే మనుషులు మాత్ర వాడకపోయి ఉంటే వందకు 8.5 మందికి వచ్చేదనీ లెక్క తేలింది. ‘ముప్ఫై, నలభై శాతం పెరిగింది’ అని చదివితే గుండె ఆగినంత పనవుతుంది. ‘వందమందికి, పదేళ్ళలో, ముగ్గురు ఎక్కువ’ అని చదివితే సంగతి సరిగ్గా అర్థమవుతుంది. పత్రికలో ‘ఇంత శాతం పెరిగింది’ అని కనబడినప్పుడల్లా ‘ఎంతమందిలో ఎంతమందికి?’ అని అడగడం నేర్చుకోండి. సగం భయం అక్కడే పోతుంది.

ఆ ముగ్గురికి కూడా మాత్రవల్లనే వచ్చిందని ఖాయంగా చెప్పలేం. ఆసుపత్రిలో ఉన్నవారిలో మరణాలు ఎక్కువ. అంతమాత్రాన ఆసుపత్రే చంపుతోందని అనం కదా? ఒళ్ళు బరువున్నవారు, నాలుగు జబ్బులున్నవారు, నొప్పి బిళ్ళలు ఎక్కువగా మింగేవారు ఈ మాత్రలు కూడా ఎక్కువగా వాడతారు. కిడ్నీని పాడుచేసింది జబ్బా, నొప్పి బిళ్ళా, గ్యాస్ మాత్రా అన్నది అలాంటి లెక్కల్లో విడదీయడం కష్టం.

విడదీయడానికి ఒక పద్ధతుంది. కొందరికి అసలు మాత్ర, కొందరికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకి తెలియకుండా చూడటం. 2019లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 17,598 మంది గుండె, రక్తనాళాల జబ్బువాళ్ళకు ఇలా మూడేళ్ళపాటు పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాములో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. ఎముకలు విరగడంలో తేడా లేదు. మతిమరుపులో తేడా లేదు. కిడ్నీ జబ్బులో తేడా లేదు. తేడా కనిపించింది ఒక్క పేగుల ఇన్ఫెక్షన్లలోనే. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో వెయ్యికి 10 మందికి వస్తే, అసలు మాత్ర వేసుకున్నవారిలో 14 మందికి వచ్చింది. మూడేళ్ళ పరీక్ష ఇరవయ్యేళ్ళ సంగతి చెప్పలేదు, నిజమే. కానీ మనం ఊహించుకుంటున్నంత భూతం అందులో లేదని మాత్రం చెప్పింది.

అవసరం పళ్ళెంలో ఏముంది?

2022లో అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం ఒక సలహా ఇచ్చింది. ఈ మాత్ర మానాలా వద్దా అన్నది దుష్ఫలితాల భయాన్ని బట్టి కాదు, అవసరం ఉందా లేదా అన్నదాన్ని బట్టే తేల్చాలి అని. ఎంత తెలివైన మాట చూడండి! అవసరం ఉన్నవారికి అరుదైన నష్టం చిన్నది. అవసరం లేనివారికి వెయ్యికి నాలుగైనా దండగే.

ఎవరికి అవసరం? పుండుపడి ఒకసారి రక్తస్రావం అయినవారికి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడుతున్న పెద్దవాళ్ళకు. మోకాళ్ళనొప్పులకు రోజూ నొప్పి బిళ్ళలు తప్పని వయసు మళ్ళినవారికి. ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా ఒరిసిపోయి కనిపించినవారికి. మీ అత్తగారో, మామగారో, అమ్మగారో వీరిలో ఒకరైతే, ఏదో విన్నామని వాళ్ళ మాత్ర ఆపించకండి. ఇలాంటివారిలో మాత్ర మానేస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం, మాత్రతో వచ్చే ప్రమాదంకంటే చాలా పెద్దది.

మరి ఎవరికి అనుమానించాలి? ఎప్పుడో జ్వరానికి ఐదు రోజుల కోర్సు రాస్తూ, ‘మందులు వేడి చెయ్యకుండా’ జతగా రాసిన మాత్ర ఇంకా వేసుకుంటున్నవారికి. చీటీ లేకుండా, ఖాళీ అట్ట చూపించి మందుల షాపులో తెచ్చుకుంటున్నవారికి. ఉత్త గుండెల్లో మంటకైతే సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల కోర్సు ఇచ్చి, తగ్గాక మళ్ళీ ఆలోచిస్తారు. కోర్సు అయిపోయిన సంగతి మనకెవరూ గుర్తుచెయ్యరు, మనమూ అడగం. అదీ అసలు తంటా.

చివర ‘డి’, ‘ఎల్’ అని ఉంటే

మీ మాత్రల అట్ట ఒకసారి తిప్పి చూడండి. చాలావాటిలో ‘ప్రజోల్’ ఒక్కటే ఉండదు. పేరు చివర ‘డి’ ఉంటే తరచు డాంపెరిడోన్, ‘ఎల్’ ఉంటే తరచు లెవోసల్పిరైడ్ కలిపి ఉంటాయి. వాంతి ఆపడానికీ, తిన్నది ముందుకు కదలడానికీ వాడే మందులివి. ఈ రెండూ ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. నెలసరి తప్పడం, రొమ్ముల్లో సలుపు, పసిపిల్ల లేకుండానే పాలు రావడం దీనివల్ల జరగొచ్చు. కారణం తెలియక స్కానింగుల చుట్టూ తిరిగే ముందు డాక్టరుకు ఈ మాత్ర సంగతి చెప్పండి. డాంపెరిడోన్ గుండె లయను తప్పించే ప్రమాదం ఉందని, మామూలుగా వారం దాటి వాడొద్దని 2014లో ఐరోపా ఔషధ సంస్థ హెచ్చరించింది. అరవై దాటినవారికి ఆ ప్రమాదం ఎక్కువ. లెవోసల్పిరైడ్ కొందరిలో చేతులు వణకడానికి కారణమవుతుంది. ‘ప్రజోల్’ అవసరమైనా, ఈ జంట మందు అవసరమేనా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న.

తోటి మందుల మాట

థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కదా! ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడం తగ్గొచ్చు. ఈ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి రెంటికీ గంట ఎడం ఇచ్చినంతలో చిక్కు పూర్తిగా తీరదు. మొదలుపెట్టినా, మానేసినా ఆరేడు వారాల తర్వాత థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఐరన్ మాత్రలకూ, మామూలు కాల్షియం మాత్రలకూ ఇదే ఇబ్బంది. కాల్షియం సిట్రేట్ అనే రకం ఆమ్లం తక్కువగా ఉన్నా పడుతుంది. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ కలిపి వేసుకోకూడదు. వేరేది రాయమని అడగాలి.

మానేటప్పుడు ఒక మాయ

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒకరోజు ధైర్యం చేసి మానేస్తారు. నాలుగు రోజులు తిరిగేసరికి మునుపటికంటే ఎక్కువ మంట! ‘చూశావా, ఇది లేకపోతే నేను బతకలేను’ అని మళ్ళీ మొదలు. నిజానికది జబ్బు కాదు. పంపుల్ని ఎన్నాళ్ళుగానో కట్టేసి ఉంచామా, ఒళ్ళు ఆమ్లం కోసం లోపల్లోపల ఇంకా గట్టిగా ప్రయత్నిస్తూ ఉంటుంది. కట్లు విప్పగానే అంతా ఒక్కసారి పొంగుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఒక పరిశోధన చేశారు. ఏ మంటా లేని 120 మందిని తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. ఆపిన తర్వాతి నాలుగు వారాల్లో వాళ్ళలో నూటికి 44 మందికి మంట, పుల్లటి త్రేన్పులు లాంటి బాధలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 15 మందికే. అంటే ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా ఈ మాత్ర మానడంతో మంట పుట్టింది!

కాబట్టి డాక్టరుగారు ‘మీకిక అక్కర్లేదు’ అన్నాక, మానిన కొన్ని వారాలు మంట రావచ్చని ముందే సిద్ధపడండి. కొందరికి 40 నుంచి 20 మిల్లీగ్రాములకు దించి, తర్వాత రోజు విడిచి రోజు ఇచ్చి ఆపుతారు. కొందరికి ఒకేసారి ఆపుతారు. రెండూ సరైన పద్ధతులే. మధ్యలో మంట లేస్తే సిరప్పుతోనో, ఫామోటిడిన్‌తోనో గట్టెక్కవచ్చు. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం సిరప్పు కూడా అడిగే వాడాలి. నీళ్ళలో వేస్తే పొంగే పొడుల్లో సోడియం ఎక్కువ. బి.పి. ఉన్నవారు వాటి జోలికి పోకండి.

ఆ నాలుగు వారాలూ ఇంట్లో ఏం చెయ్యాలి?

మన ఇళ్ళలో ఇల్లాలు అందరికీ వడ్డించి, ఆఖర్న ఏ పదింటికో, పదిన్నరకో రెండు ముద్దలు తిని, గిన్నెలు సర్ది వెంటనే నడుం వాలుస్తుంది. అన్నవాహికకు ఇంతకంటే శత్రువు లేదు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. దీనికి మందు షాపులో దొరకదు, ఇంట్లోవాళ్ళు సర్దుకోవాలి. ఎనిమిదింటికల్లా అందరితోపాటు మీరూ కూర్చుని తినండి. ‘వాళ్ళు తినకుండా ఎలా?’ అనుకోకండి. ఆలస్యంగా వచ్చేవారు తమకు తాము వడ్డించుకుంటే కొంపలేం మునగవు.

మంచానికి తలవైపు కోళ్ళ కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు వచ్చేలా చెక్కదిమ్మలు కదలకుండా పెట్టించండి. దిండుమీద దిండు వేస్తే మెడ వంగుతుందే తప్ప ఛాతీ లేవదు. ఎడమవైపు తిరిగి పడుకోండి. లంగా బొందు బిగించి కట్టకండి. పొట్ట నొక్కుకుంటే ఆమ్లం పైకి తంతుంది. తిన్న వెంటనే వంగి ఇల్లు ఊడవడం, తుడవడం వద్దు. బరువు ఎక్కువగా ఉన్నవారు కొద్దిగా తగ్గినా మంట తేలికపడుతుంది.

తిండిమాట కొస్తే, ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, వేపుళ్ళు అన్నీ ఒక్కసారే మానెయ్యాల్సిన పనిలేదు. ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. రెండు వారాలు ఒక కాగితంమీద ఏం తిన్నారో, ఎప్పుడు మంట వచ్చిందో రాసుకోండి. మీకు పడనివేవో మీకే తెలుస్తాయి. మంట వచ్చినప్పుడల్లా పాలు తాగడం ఉపాయం కాదు. కాసేపు చల్లగా ఉంటుంది గానీ తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది.

మంట అని ఊరుకోకూడనివి

మింగుడుపడకపోవడం, అకారణంగా బరువు తగ్గిపోవడం, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, రక్తహీనత, అరవై దాటాక కొత్తగా మొదలైన మంట, వీటిలో ఏది కనిపించినా మాత్రతో సరిపెట్టకుండా పరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో బరువుతో చెమటలు పట్టినా, నొప్పి దవడకో, చేతికో పాకినా, ఆయాసం వచ్చినా ‘గ్యాసేలే’ అని సోడా తాగి కూర్చోవద్దు. ఆడవాళ్ళలో గుండెపోటు చాలాసార్లు ఇలాగే మారువేషంలో వస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భవతులు ఏ గ్యాస్ మాత్రా సొంతంగా వేసుకోకూడదు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీ మాత్రల డబ్బా మొత్తం సంచీలో వేసుకుని వెళ్ళండి. మూడే మూడు ప్రశ్నలు అడగండి. ఈ మాత్ర నాకు ఏ జబ్బుకు ఇచ్చారు? ఎన్నాళ్ళు వాడాలి? ఇంతకంటే తక్కువ మోతాదు సరిపోతుందా? వాటికి సరైన జవాబులు దొరికితే, ఎవరేం చెప్పినా బెదరకుండా నిశ్చింతగా వేసుకోండి. దొరక్కపోతే, ఆ మాత్ర మీ డబ్బాలో ఎందుకుందో డాక్టరుగారితో కలిసి తేల్చుకునే రోజు అదే.